లేనిదాన్ని కొలవడం

పటంలో ఈ కొండసందు నీలంగా ఉంది.
నీలమంటే ఇంటర్నెట్ అందినట్టు లెక్క.
కింద వంతెన పక్కన చర్చికి ఒక తీగ వచ్చిందని
పైనున్న పదిహేడు కొంపలకీ
అదే కుంచెతో అదే రంగు పూసేశారు.
మోచేతికి బెల్లం రాసి
నాకమన్నారు.

నేను కౌంటీ తరఫున గడపగడపా తొక్కే మనిషిని.
నా పేరు నోరు తిరగక
ఇక్కడివాళ్లు మ్యాప్ పిల్ల అంటారు.
తూర్పు కెంటకీలో మార్చి చివర.
రెడ్‌బడ్ కొమ్మలు ఆకు కన్నా ముందే పూశాయి.
బూట్లనిండా బొగ్గు బురద.

మూడో మలుపులో వెర్లీన్ స్టిడమ్ ట్రైలర్.
"నీలమా?" అంది,
"మా ఆయన ఊపిరితిత్తుల్లో నలుపుంది, అది గని ఇచ్చింది.
ఈ నీలం ఎవరిచ్చారో
నాకు తెలీదు."

అభ్యంతరం చెప్పుకోవచ్చండీ, ఫారం ఉంది అన్నాను.
ఎక్కడుంది?
ఆన్‌లైన్‌లో.
ఆమె నవ్వలేదు.
మెట్టు మీద కుక్క ఆవులించి అటు తిరిగి పడుకుంది.

దాంతోపాటు ఇంకొకటి:
ఇంట్లో వేగమెంతో మూడుసార్లు కొలిచి
రుజువు జతచేయాలట.
లేనిదాన్ని మూడుసార్లు ఎలా కొలవాలో
ఆమె అడగలేదు.
చెప్పిన నాకే గొంతు పట్టేసింది.

"ఊళ్లో చెల్లెలికి ఆ మధ్య నెలనెలా ముప్పై డాలర్లు కట్టేవారు" అంది.
"పద్దులో డబ్బులైపోయాయని ఉత్తరమొచ్చింది.
ఉత్తరానికి మాత్రం దారి దొరికింది."

అప్పుడు, ఎందుకో, కరెంటు స్తంభం గురించి చెప్పింది.
అమ్మ కడుపులో తానున్న ఏడాది
కంచర గాడిదల మీద దుంగలెక్కించి తెచ్చారట,
ఆఖరి ఇంటిదాకా, అవును, ఆ పైన ఉన్న ఆఖరి ఇంటిదాకా.
ఆ రాత్రి అమ్మ లాంతరు గాజులు కడిగి
గూట్లో బోర్లించిందట,
మళ్లీ దించలేదట.

మనవరాలు రీవా మాట్లాడదు.
సాయంత్రమైతే తాత ట్రక్కులో
పన్నెండు మైళ్లు దిగి లైబ్రరీ వెనక ఆగుతారు.
తలుపుకి తాళం ఉంటుంది.
లైబ్రేరియన్ గుస్సీ నేపియర్ వెళ్తూ వెళ్తూ
ఆ పెట్టెని కిటికీ అంచుకి జరిపిపోతుంది.
స్టీరింగ్ మీద పిల్ల భిన్నాలు చేస్తుంది.
పక్క సీట్లో తాత దగ్గుని మింగుతూ
డాక్టరు ముఖం తెరమీద కదిలేదాకా కాచుక్కూచుంటాడు.
హీటరు వేస్తే పెట్రోలు.
వేయకపోతే వేళ్లు.

నా పలక మీద ఆ ఇంటి చుక్కని నొక్కి
"అందలేదు" అని మార్చాను.
సిగ్నల్ లేదు, తర్వాత ప్రయత్నించండి అంది పలక.
పదిహేడు ఇళ్లకీ
అదే మాట.

కొండ దిగి వంతెన దాటుతుంటే
చర్చి ముందు ఒక్కసారిగా
చేతిలో పలక కూతలు పెట్టింది.
ఒకటి, రెండు...
బండి పక్కకి ఆపి లెక్కపెట్టాను.

పదహారే మోగాయి.
చీకటి పడుతోంది.
బండి వెనక్కి తిప్పాను.