ధర లోపల అడగండి

సుపీరియర్ సరస్సు దక్షిణపుటొడ్డున
తారురోడ్డు అయిపోయి గులకరాళ్లు మొదలయ్యే చోట
వియెనో హార్యు క్యాంప్‌గ్రౌండ్.
ఇరవై మూడు జాగాలు, రెండు స్నానాల గదులు,
ఒకదాంట్లో వేడినీళ్లు ఖాయం, రెండోదాంట్లో దేవుడి దయ.
గేటు పక్కన బోర్డు మీద
ఆమె మొగుడు ఆర్వో పోయే ముందు ఏడాది రాసిన అక్షరాలు:
రాత్రికి ధర, లోపల అడగండి.

నేనక్కడ కట్టెలు కొడతాను, ఐదు వేసవులుగా.
లోపల అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు.
వియెనో మనిషిని చూడదు ముందు, టైర్లు చూస్తుంది.
బస్సంత బండి, దాని వెనక ఒక కారు, కారు నెత్తిన పడవ:
"అరవై రెండు డాలర్లు" అంటుంది, కళ్లద్దాలు తుడుచుకుంటూ.
తుప్పు పట్టిన వ్యాను, పగిలిన అద్దానికి టేపు:
"పద్దెనిమిది. కట్టెలు ఊరికే."
సైకిలు మీద తడిసి వచ్చిన కుర్రాడికి
ధర చెప్పడం మరిచిపోయినట్టు నటిస్తుంది.
ముఖం చూసి బొట్టు పెట్టడం అంటారే, అదే ఇది.
కాకపోతే ఈవిడ చిన్నబోయిన ముఖానికే
పెద్ద బొట్టు పెడుతుంది.

జూన్‌లో మేనకోడలు మార్లిస్ డులూత్ నుంచి లాప్‌టాప్‌తో దిగింది.
"అత్తా, ధర తెలిశాకే జనం బండి తాళం తీస్తున్నారు.
కనపడని ధర వెనక మోసం ఉందనుకుంటారు."
"దాచలేదే," అంది వియెనో, కాఫీ మీద మీగడ తీస్తూ,
"అడిగితే చెబుతాను. అడగందే అమ్మయినా పెట్టదు."

ఆగస్టు రెండో శుక్రవారం, చీకటి పడే వేళ
గేటు దగ్గర ఒక బండి ఆగింది.
దీపాలు ఆర్పలేదు, ఇంజను ఆపలేదు.
ఒకావిడ దిగి బోర్డు చదివింది.
మళ్లీ చదివింది, అంత చిన్న వాక్యాన్ని.
కోటు జేబులో చెయ్యి పెట్టి, అక్కడే ఉంచేసుకుంది.
వెనక సీట్లో ఒక పిల్ల
అద్దానికి ముక్కు ఆనించి నావైపు చూసింది.
చెయ్యి ఊపుదామనుకున్నాను.
చేతిలో గొడ్డలి ఉంది.
తర్వాత, గులకరాళ్ల మీద
టైర్లు వెనక్కి తిరిగిన చప్పుడు.

పొద్దున్నే రొట్టె కోసం వెళ్తే
పెట్రోలు బంకు వెనక, చెత్తడబ్బాల పక్కన, అదే బండి.
కిటికీలకు లోపలినుంచి తువ్వాళ్లు.
ముందు అద్దం నిండా రాత్రి ఊపిరి.

వియెనోకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో.
చేపలకు పొగపెట్టే గది తలుపు వేసి
చాలాసేపు గొళ్లెం వదల్లేదు.
"పద్దెనిమిది అనేదాన్ని" అంది.
కాసేపాగి, "పది అనేదాన్ని."
"ఆ సంగతి బోర్డుకు తెలీదు కదా" అన్నాను.
అడగడానికి కూడా చేతిలో కొంచెం డబ్బుండాలని
డెబ్బై ఒక్క ఏళ్లలో
ఆమెకెవరూ చెప్పినట్టు లేదు.

సోమవారానికల్లా అంకె ఎక్కింది, ఊరూవాడా చూసేలా:
ముప్పై నాలుగు. అందరికీ.
కింద ఒక మాట మాత్రం పట్టుబట్టి పెట్టించింది:
చాలకపోతే ఫోన్ చెయ్యండి.
"కూరగాయల బేరంలా ఉంది" అని మార్లిస్ మూతి ముడిచింది.
మొదట ఫోన్ చేసినవాడు పడవ ఆసామి.
"ఈసారి కాస్త చాలడం లేదండీ" అన్నాడట.
వియెనో పొట్ట పట్టుకుని నవ్వింది.
తర్వాత ఆ సాయంత్రమంతా నవ్వలేదు.

జాగాలు నిండుతున్నాయి. మార్లిస్ లెక్క తప్పు కాదు.
అడిగే పని లేకుండా తిన్నగా వచ్చి గుడారం వేసుకుని
తలెత్తుకుని తిరిగేవాళ్లు ఉన్నారు, నేను చూశాను.
వియెనో మాత్రం గేటు దగ్గర కుర్చీ వేసుకుంటుంది.
"ముప్పై నాలుగు చూసి ఎక్కడెక్కడ ఆగిపోయారో" అంటుంది,
"ఇదివరకు వెనక్కి తిరిగితే కనీసం రాళ్లు చెప్పేవి."

బోర్డు నేనే దించాను.
కట్టెల కుప్ప మీద బోర్లా వేశాను, వాన తగలకుండా.
వెనకవైపు ఖాళీగా ఉంది. ఏం రాయాలో ఆమె ఇంకా చెప్పలేదు.
గేటు దగ్గర ఏ బండి ఆగినా
నేనిప్పుడు ముందు
గొడ్డలి కింద పెడతాను.