ఎనభై అయిదు

శుక్రవారం అంగట్ల, పాత టేపురికార్డర్ల పక్కపొంటి
ఒక ఈజిప్షియన్ తివాచీ పరిచి లెన్సులు పెట్టుకున్నడు.
మా కఫీల్ వాళ్లు మాల్‌ల ఉన్నంతసేపే నాకు టైం.
కారు తాళం వేలికి తిప్పుకుంట ఒక్కొక్కటే అడిగిన.

ముప్ఫై అయిదు పెట్టి చూస్తే అన్నీ పడుతున్నయి,
అంగడి, గొడుగులు, అవతల పావురాల పంజరాలు.
మనిషి దగ్గరికి పోతే మాత్రం
చేబదులు అడగనీకి మీది మీదికి వచ్చినోని లెక్క
ముక్కు ముందుకొస్తది, చెవులు వెనకకు దాక్కుంటయి.

యాభై మంచిదే. అందరూ అదే కొనుమంటరు.
అబద్ధం చెప్పదు, ఎక్కువా చెప్పదు,
సూపర్‌వైజర్‌తోని మాట్లాడినట్టుంటది.

నూట ముప్ఫై అయిదుకైతే మనిషి రోడ్డు అవతల నిలబడాలె.
"గడ్డం దించు" అని నేను ఒర్రాలె.
నడుమల బస్సు.

ఎనభై అయిదు లోపలికి టార్చి కొడితే
సాలెపోగంత బూజు.
"తేమ" అన్నడు ఈజిప్షియన్, సముద్రం దిక్కు చెయ్యి చూపిచ్చి,
తప్పంత దానిదే అన్నట్టు.
ముప్ఫై దీనార్లు ఇరవై రెండయినయి.
నా జీతంల ఆరో వంతు. జేబు తడిమి, మళ్ల తడిమి, ఇచ్చిన.

రూముకొచ్చినంక తెలిసింది
దీనికి కావలసింది వెలుతురు కాదు, జాగ.
ఎనిమిది మంచాలు, నడుమ జానెడు బాట.
ఒక్క అడుగు వెనకకేస్తే బాత్రూం తలుపు,
ఇంకోటేస్తే లోపలున్నోడు తిడుతడు.
భూమన్న ముఖంల ఒక్క కన్నే పట్టింది.

"మిద్దె మీదికి పా" అన్నడాయన.

డిష్ గిన్నెల నడుమ ఆయన.
నీళ్ల ట్యాంకుకు వీపు ఆనిచ్చి నేను.
పొద్దు గుంకినా ట్యాంకు చల్లారలే,
అంగీలకెల్లి చుర్రుమంది. జరగలే.

ఇరవై మూడేండ్ల వెల్డింగు. వచ్చే బుధవారం ఫ్లైటు.
ఇన్నేండ్లల్ల దిగిన ఫోటోలన్నీ
ఎవరిదో కారు ముందట, ఏదో టవరు కింద.
కారు నంబరు చదువొచ్చు, ఆయన కండ్లు కనవడవు.
మిగిలినయి సివిల్ ఐడీవి.
వాటిల్ల ఎవలైనా నేరం ఒప్పుకున్నట్టే ఉంటరు.

"ఎడమ చెంపకు కాలిన మచ్చ ఉన్నది, ఇటు తిరుగాల్నా?"
"వద్దు. ఊపిరి సగం ఇడిచి ఆపు."
అద్దం అడ్డం లేకుండ నిప్పు దిక్కు చూసినట్టు
కండ్లు చిన్నగ చేసిండు. నొక్కిన.

తెర చాన సేపు చూసిండు.
వెనక టవర్లన్నీ కరిగి పసుపు చుక్కలైనయి,
బూజు ఆ చుక్కల అంచులకు పొగ పట్టిచ్చింది.
"మరిది కువైట్ అని ఎట్ల తెలుస్తది?"

పెద్దగ చేసి కనుబొమ్మలు చూపిచ్చిన.
పొద్దటి దుమ్ముగాలి.
వెంట్రుక వెంట్రుకకు ఇసుక.

బొటనవేలితోని తెరను తుడిచిండు, పోతదేమో అని.

మెట్లు దిగుకుంట అడిగిండు,
"ఆ ముప్ఫై అయిదుది ఎవలకాడనన్న దొరుకుతదా?
కింద తెల్ల ల్యాండ్ క్రూజర్ ఆగి ఉన్నది.
ఇంటోళ్లకు అది పంపుత.
ఇది నా కాడ ఉండనీ."