జు

రాణీగంజ్‌లో తుక్కు కొట్టు వెనక
బోర్లా పడి, కడుపు మీద ఎండ కాచుకుంటుంటే కొన్నాను.
ఫైబర్ ఒళ్ళు. డెబ్బై నాలుగు నాటిది.

గీకుతుంటే ఆకుపచ్చ కింద తెలుపు,
తెలుపు కింద ఎవరో రాసుకున్న పేరు;
"జు" ఒక్కటే మిగిలింది.
జుబేదా, అన్నాడు సర్వర్ భాయ్.
జులై కూడా కావచ్చుగా, అంది లిడియా
ముక్కుకి చున్నీ బిగించి, గరుకు కాగితం ఆపకుండానే.

బాలానగర్ నుంచి గాజునార చుట్ట భుజాన మోసుకొచ్చిన ఐలయ్య
డబ్బులిస్తే
"పైసలెందుకు, ముందు తేలనియ్యి" అన్నాడు.

ఆదివారం సాగర్‌లో దించాం.
మోటారు దగ్గింది, దగ్గి దగ్గి అందుకుంది.
గట్టు దూరమయ్యాక మడమలకి చల్లగా ఏదో.
ఎక్కడో ఒక చిల్లు మా అందరి వేళ్ళనీ తప్పించుకుంది.

సర్వర్ భాయ్ చాయ్ గ్లాసుతో నీళ్ళు తోడుతూ
"ఏం జుబేదా, దూపైతుందా?" అంటున్నాడు.