పీకో

పీకో మిషన్ కింద దొరికింది కాబట్టి
పేరు పీకో.
కత్తిరింపుల సంచిలో ముడుచుకుని ఉంటే
ఎలుకపిల్లేమో అనుకుని చీపురు తెచ్చాను మొదట.

అప్పట్నుంచీ గడ్డం పెడల్ అంచు మీద ఆన్చి పడుకునేది.
మెల్లగా తొక్కడం నేను అలా నేర్చుకున్నాను.

బుడమేరు మా సింగ్‌నగర్ ఇళ్ళల్లోకి వచ్చిననాడు
మిషన్ని వదిలేశాను.
కస్టమర్ల చీరల మూట నెత్తిన, ఇది భుజాన,
పక్కవాళ్ళ డాబా ఎక్కాను.
పైనుంచి పడ్డ పులిహోర పొట్లం
ముందు దీనికే విప్పానని
మా ఆడపడుచు ఇప్పటికీ అంటుంది.
అననీ.

ఆ నీళ్ళే పట్టాయో, వయసే పట్టిందో
డాక్టరమ్మ చెప్పలేదు.
కిడ్నీలు, అంది.
కాగితం మీద ఒక అంకె చుట్టూ సున్నా చుట్టింది.
కాగితాలు నా దగ్గర నిలవవు,
జాకెట్టు కొలతల పుస్తకంలో ఎక్కించాను:

రాజ్యలక్ష్మి గారు, చుట్టు ముప్పై ఎనిమిది, చెయ్యి పది
పీకో, నాలుగు పాయింట్ ఎనిమిది
సబీహా, మెడ లోతు ఏడు, వెనక డోరీ
పీకో, ఆరు పాయింట్ ఒకటి

ఏ కొలతకైనా ఒక ఇంచి లూజు వదలడం నాకలవాటు.
దీనికి వదలడానికి గుడ్డే లేదు.

సెలైన్ ఇంట్లోనే ఎక్కించుకోవచ్చంటే
చీరలు తగిలించే కొక్కేనికి సీసా కట్టాను.
సూది పట్టడం ముప్పయ్యేళ్ళ పని నాకు,
చర్మం ఎత్తి పట్టుకుని గుచ్చమనేసరికి
వేళ్ళు ఎవరివో అయిపోయాయి.
అది తల తిప్పి చూసింది,
కరవడానికి కాదు,
కుట్టు వంకర పోయిందేమోనని
కస్టమర్ చూసినట్టు.
వీపున ఊరిన నీటి బుడగ
తెల్లారేసరికి ముందుకాల్లోకి జారేది.

కుక్కకి ఇంత ఖర్చా, అన్నావిడ దగ్గర
ఫాల్‌కి పది రూపాయలు ఎక్కువ తీసుకున్నాను.

పెరుగన్నం వద్దంది. గుడ్డు వద్దంది.
మే నెల ఎండలో
ఐసుగోల బండి అబ్బాయి రంగు పొయ్యకుండా తురిమి ఇస్తే
అది మాత్రం నాకింది.
వాడు డబ్బులు తీసుకోలేదు.

ఆఖరికి డాక్టరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంటూ
ఒక ఇంజక్షనుంది, నొప్పి తెలీదు,
ఆలోచించుకోండి, అంది.
ఆలోచించుకుంటానన్నాను.
ఆలోచించలేదు.
రెండు రాత్రులు దాని పక్కన గచ్చు మీద పడుకున్నాను.
దాని మూలుగు వింటూ,
ఆగితే భయపడుతూ.
ఆ రెండు రాత్రులూ దానికోసమా, నాకోసమా?
ఎవర్ని అడగను.
అడగాల్సినదాన్ని అసలు అడగలేను.

ఎవరో ఇచ్చి మళ్ళీ రాని చీర ఒకటుంది, గంధం రంగుది.
అందులో చుడదామని సగానికి కోశాను.
కోసిన అంచుకి పీకో కొట్టాను,
పోగులు ఊడతాయని.
మట్టిలోకి వెళ్ళేదానికి పోగులేమిటని
నాకు నేనే అనుకుంటూ, చివరిదాకా కొట్టాను.

ఇంకా చీకటుండగానే ఖాజావలి ఆటో తీశాడు.
నీకు నమాజు వేళవుతోంది కదయ్యా, అన్నాను.
పదమ్మా, మళ్ళీ కాళ్ళూ చేతులూ కడుక్కుంటే సరి, అన్నాడు.

బుడమేరు కట్ట, తుమ్మచెట్ల అవతల.
నేల బండలా ఉంది, గునపం నాలుగుసార్లు జారింది.
ఏ నీళ్ళ నుంచి ఎత్తుకుని పరిగెత్తానో
ఆ నీళ్ళ ఒడ్డునే పెట్టి వచ్చాను.
ఈ ఊళ్ళో నాకు వేరే మట్టి లేదు.

మిగిలిన మాత్రలు పట్టుకెళ్తే
కోసిన స్ట్రిప్ వాపసు తీసుకోమన్నాడు మెడికల్ షాపు కుర్రాడు.
అవింకా మిషన్ సొరుగులో బాబిన్ల పక్కన ఉన్నాయి.

మొన్న తెనాలి పెళ్ళికి వెళ్ళే పట్టుచీర,
ఫాల్ లోపల, కుట్ల కింద పడిపోయి
ఒక తెల్ల వెంట్రుక.
లాగబోయి, ఆగి,
ఇస్త్రీ చేసి ఇచ్చేశాను.

పెడల్ మీద గడ్డం లేదు.
కాలు మాత్రం మెల్లగానే తొక్కుతోంది.
పని ఆలస్యమవుతోందని
అందరూ అంటున్నారు.