ఏడో నంబరు

హరలూరు రోడ్డులో అపార్ట్‌మెంటు ర్యాంపు కింద
నా బల్ల, నా బొగ్గుల పెట్టె,
మూతకు తూట్లు పొడిచిన నీళ్ళ బాటిలు.
సాయంత్రం వానకు బడిసంచి తడిసి
మా చైత్ర ఒక కాగితం తెచ్చి బల్లమీద పరిచింది.
రేపటికి ఇచ్చేయాలంట. ముడతలు పడిపోయుంది.
పైన పాత పంచె కప్పి, పెట్టెను ఆనీ ఆననట్టు
ఒక్కసారి పోనిచ్చినాను.
ఆవిరి లేసింది. పెన్సిలు రాత చెరగలేదు.

"ఏ మాట ఏ జాతో రాయల్లమ్మా.
పేరైతే నౌను. పనైతే వెర్బు."
హిందూపురంలో ఏడు దాకా చదివినదాన్ని.
నామవాచకం, క్రియ, విశేషణం...
తుప్పు పట్టిన బీగంచెవుల మాదిరి
లోపల యాడో మోగినాయి.

బుక్కు. నామవాచకం, సులువే అన్నాను.
"మరి రెండో అంతస్తు అంకుల్ క్యాబ్ బుక్ చేస్తాడు కదా?"
చేస్తాడు.
ఫాస్టు. చీరలన్నీ ఫాస్టుగా కావల్లంటుంది సి బ్లాకు మామి,
శనివారమొస్తే ఫాస్టని ఇడ్లీ కూడా ముట్టదు.
ఇన్ అనేది సంచికి ముందు నిలబడుతుందంట.
మన 'లో'ను మాత్రం
ఫ్లాటు నంబరు చీటీ గుచ్చినట్టు
మాట కొసన గుచ్చుకుంటాము.

ఏడోది ఐరన్.
"ఇది నీదేలేమ్మా" అని నవ్వింది.
పెట్టె ఐరను. నేను చేసేది ఐరను.
రక్తం తక్కువని ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రలూ ఐరనే.
గేటు కాడ పుస్తకంలో, పేరు అనే గడిలో
అస్సాం పిల్లోడు నాకు రాసేదీ అదే.
నాగవేణి ఆ గడిలో పట్టదనుకున్నాడేమో.

నౌను అని రాసింది, చెరిపింది. వెర్బు అని రాసింది, చెరిపింది.
ఆ చోట కాగితం పలచబడింది, మోకాలి కాడ ప్యాంటు మాదిరి.
"మేడమ్ ఒకటే రాయమనింది."
"వాక్యం ఇయ్యకుండా ఎట్లా చెప్తామే,
ఎవురు ఏం పనిమీద ఉండారో చూడకుండా?"

ఫోను మోగింది.
"ఐరన్! నాలుగో ఫ్లోరు, జల్దీ!"
"వస్తాండాను" అన్నాను.

"దీనికి ఇంగ్లీషులో మూడు మాటలు కావల్ల" అనింది పిల్ల.
"ఐ, యామ్, కమింగ్. ఆ ఐ యాడున్నా పెద్దక్షరమే."
"మరి మనదాంట్లో నేను యాడుండానే?"
కొంచేపు చూసి, గాల్లో రాసి,
కొసన వేలు పెట్టింది.
"ను. ఇదిగో, ఇక్కడుండావు."

పన్నెండు జతలు చేతిమీద వేసుకోని
సర్వీసు లిఫ్టు చెడిపోయుంటే మెట్లెక్కినాను,
ఆ 'ను' నాలికమీదే ఉంది, నాలుగంతస్తులూ.

తిరిగొచ్చేసరికి
ఏడోదాని ఎదురుగా గీత ఖాళీగానే ఉంది.
పిల్ల ఎనిమిదోదాంట్లో ఉంది. లైట్.
చీకటి పడతాందని బల్ల మీది బల్బు వేసినాను.
తలెత్తకుండానే అనింది,
"బరువు లేనిదని కూడా అర్థముందమ్మా దీనికి."