ఉప్పుకొక గది

నుకుస్ ఊరి చివర, ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు వెనక
మా గాజు ఇల్లు.
గాజంటాను గానీ సగం ప్లాస్టిక్కే.
అందులో మూడు వందల పన్నెండు జొన్న మొలకలు.
మా వైపు దాన్ని జూగెరీ అంటాం.
పొద్దున్నే వాటికి ఉప్పునీళ్ళు కొలిచి పోయడం నా ఉద్యోగం.
చంపడానికి పోస్తున్నానా, బతికించడానికా అని
మొదటి ఏడాది నన్ను నేనే అడిగేదాన్ని.
ఇప్పుడు గ్రాములే చూస్తాను.

నాయనమ్మ బీబీసారా మొయ్‌నాక్‌లో పుట్టింది.
అప్పట్లో సముద్రం గుమ్మం దాకా వచ్చేదట.
పద్నాలుగేళ్ళకే చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేరింది.
ఈనాటికీ ఊరికే కూర్చుంటే
ఆమె బొటనవేలు గాల్లో
ఏదో పొలుసు గీకుతూనే ఉంటుంది.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగుతాడని సామెత.
మా దగ్గర అది రెండు ముక్కలైంది.
నీళ్ళు తాగింది పత్తి.
ఉప్పు తిన్నది మేము.

సముద్రం లేచిపోయిన జాగాలో
అడగకుండా వచ్చి కూర్చుంది సర్సజాన్.
ఆకన్నది లేదు. కణుపులు, కణుపుల మీద కణుపులు.
ఆకలేసిన గొర్రె కూడా వాసన చూసి మొహం తిప్పుకుంటుంది.
నాయనమ్మ దాన్ని కాల్చి, బూడిద నానబెట్టి,
కొవ్వుతో మరగబెట్టి సబ్బు చేసేది.
నా పెళ్ళిబట్టలు ఆ సబ్బుతోనే ఉతికారు.

ఆ మొక్క ఉప్పును పొమ్మనదు.
లోపలికి రానిస్తుంది.
ప్రతి కణంలోనూ ఒక వెనకగది ఉంది దానికి.
ఉప్పును అందులోకి తోసి గడియపెట్టి
ముందుగదిలో తన వంట తాను చేసుకుంటుంది.
ఆ తలుపు ఎలా బిగించాలో రాసిపెట్టుకున్న చీటీ, జన్యువు.
చీటీకి నకలు తీసి జొన్నకిచ్చాం.
ఎన్ని మొలకలు చదువుకున్నాయో
ఎన్ని చదివినట్టు తలూపాయో
ఎండిపోతే గాని తెలీదు.

ఏప్రిల్లో తెల్లగాలి లేచింది.
రెండు రోజులు పగలే దీపాలు పెట్టుకున్నాం.
మూడో రోజు వెళ్ళి చూస్తే ప్లాస్టిక్కు కరెంటు తీగల మీద వేలాడుతోంది.
మంచినీళ్ళు మాత్రమే పోసిన వరస కూడా
పిండి చల్లినట్టు తెల్లగా.
నా గ్రాములన్నీ గాలి లెక్కలో కలిసిపోయాయి.
కుండీల మీది పేర్లు సైతం ఎగిరిపోయాయి.
సపర్‌బాయ్ గారు గుమ్మంలో నిలబడి టోపీ తీసి
"ఆరు నెలలు, గుల్‌జీరా" అన్నారు.
ఇంకేమీ అనలేదు.

పదకొండు రోజులకు, పారబొయ్యడానికి చేటతో వెళ్ళాను.
గోడవారన తొమ్మిది మొలకలు
పచ్చగా, కొంచెం తలవంచుకుని,
తప్పు చేసి దొరికినట్టు నిలబడ్డాయి.
ఒక్కో ఆకు తుంచి తాష్కెంట్ పంపాను.
మూడు వారాలకు జవాబు.
ఏడింటిలో చీటీ ఉంది.
రెండింటిలో లేదు.
ఆ రెండూ ఎలా బతికాయో ఎవరూ చెప్పలేదు.
రిపోర్టులో వాటికి గడి లేదు.
వేరే కుండీల్లో పెట్టి
నా బల్ల దగ్గరే ఉంచుకున్నాను.

మేలో నాయనమ్మను తీసుకొచ్చి చూపించాను.
గది సంగతి, గడియ సంగతి అంతా చెప్పాను.
చాలాసేపు ఆకు పట్టుకుని కూర్చుంది.
"చచ్చిపోయాక, ఆ గదిలో ఉప్పు ఎక్కడికెళ్తుంది?"
నేలలోకే, అన్నాను.
"అంటే పోగొట్టడం కాదు, దాచడం."
దాచడమే. కోత దాకా.
"కోత దాకా అయితే చాల్లే,
మేం మాత్రం ఇంకేం చేశాం!"
బొటనవేలు ఆకు ఈనె మీద
తోక నుంచి తల వైపుకి
మెల్లగా గీకుతోంది.

బస్సెక్కబోతూ మళ్ళీ వెనక్కి తిరిగి అడిగింది:
"దీని బూడిదతో సబ్బు వస్తుందంటావా?"