వెనక కొట్టేవాడు

గిరింపేటలో పంచర్లేసే షాపు మీద
పది బై పన్నెండు గది, నా స్టూడియో.
గోడలకు గుడ్ల అట్టలు కాదు, అవి పనిచేయవు,
మా అమ్మ కుట్టిన పాత బొంతలు.
కింద కంప్రెసర్ ఆగినప్పుడే
పైన నేను రికార్డు నొక్కాలి.

చెంగల్రాయుడు వచ్చాడు, పంబ భుజానేసుకుని,
చెప్పులు మెట్ల కిందే విడిచి.
గంగ జాతరకు నలభై ఏండ్లు కొట్టిన చేతులు
హెడ్‌ఫోన్‌ను తిరగేసి
తోలు ఎట్లాంటిదో గోటితో గీరి చూశాయి.

నాలుగు దరువులు కొట్టి ఆపేశాడు.
"పాపా, నా యెనక ఇంకెవురో కొడతా ఉండారు."

ఎవరూ లేరు తాతా, అది నువ్వే.
నీ దెబ్బ మైకులో దూరి, తీగలో పాకి,
కంప్యూటర్ గుమ్మంలో టోకెన్ తీసుకుని కూర్చుని
నీ చెవికి తిరిగొచ్చేసరికి
కొంచెం పొద్దుపోతుంది.
దాని పేరు లేటెన్సీ.
"లేటు అని చెప్పు" అన్నాడు.

సరే, లేటు.
సెట్టింగుల్లోకి పోయాను.
బఫర్ వెయ్యిన్ని ఇరవైనాలుగు మీద ఉంది.
నిన్న రాత్రి ఎవరిదో పెళ్ళి వీడియోకి మిక్సింగ్ చేస్తూ
నేనే పెంచి మరిచిపోయాను.
అరవైనాలుగుకు దించాను.
పెనంలో ఆవాలు.
నూట ఇరవైఎనిమిది.
ఆవాలు తగ్గాయి, పోలేదు.
డ్రైవర్ మార్చాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను.
వాడని ట్రాకులన్నీ ఫ్రీజ్ చేస్తే
ఐసులో పెట్టిన చేపల్లా నీలంగా పడుకున్నాయి.
మాస్టర్ మీద ఎప్పుడో తగిలించి వదిలేసిన లిమిటర్
రాబోయే దెబ్బను ముందే చూడాలని
అందర్నీ కాసేపు ఆపి ఉంచుతోంది.
దాన్నీ పీకేశాను.

ఇప్పుడు కొట్టు తాతా.

కొట్టాడు. చెయ్యీ చెవీ ఒకటే,
గీసిన గీత మీదే గీసినట్టు.
నేను కుర్చీలో ఒక చుట్టు తిరిగాను.
ఆయన చేతులు ఆగిపోయాయి.
"వాడేడి?"

ఎవడు?

"యెనక కొట్టేవాడు. బాగ కొడతా ఉండె."

అప్పుడు చెప్పాడు ఏకాంబరం సంగతి.
పంబకు ఇద్దరుండాలంట.
ఒకడు ముందు నడుస్తాడు,
ఇంకొకడు వాడి నీడ తొక్కకుండా వెంట వస్తాడు.
ఏకాంబరం ఎప్పుడూ వెంట్రుకవాసి వెనక.
ఆ సందులోంచే గంగమ్మ వచ్చేదంట.

పోయాడా తాతా?
"వాడెందుకు పోతాడు!
తవణంపల్లిలో కోళ్ళఫారం పెట్టుకోనుండాడు.
కూలి పంచుకునేకాడ యాభై రూపాయలు.
పదకొండేండ్లాయె, మాటల్లేవు."

మౌస్ పట్టుకుని ఊరికే కూర్చున్నాను.
ఇందులో ఆలస్యానికి మందుంది,
తొందరకు మందుంది.
క్వాంటైజ్ నొక్కితే ప్రతి దెబ్బా గీత మీదికొచ్చి
బడిపిల్లల్లా ప్రార్థనకు నిలబడుతుంది.
అబద్ధమెందుకు, ఒకసారి నొక్కి చూశాను.
జాతర పోయి పోలీసు పరేడ్ వచ్చింది.
వెంటనే అన్‌డూ.

కొత్త ట్రాకు తెరిచి డిలే వేశాను.
టెంపోతో వేసిన ముడి విప్పేసి
మిల్లీసెకన్లలో మనిషిని వెతకడం మొదలుపెట్టాను.
ముప్పై.
"ఊహూఁ, మీద పడతా ఉండాడు."
అరవై.
"తాగొచ్చినాడు."
నలభైఆరు.
ఆయనేం చెప్పలేదు. పంబ మీదికి వంగాడు.
నలభైఆరంటే, లెక్కేసి చూసుకుంటే,
పొద్దున నేను తరిమేసినంతే.

పదమూడు నిమిషాలు కొట్టాడు.
మధ్యలో కింద కంప్రెసర్ ఒకసారి దగ్గింది.
అది ఫైల్లో అట్లనే ఉంది, తీయను.

పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని మెట్ల మీద ఆగాడు.
"ఆ లేటుగాడికి కూలి ఎంతియ్యాల?"
ఏం ఇయ్యబళ్ళేదు తాతా.
"ఊరికే కొట్నాడా?"
ఒక మెట్టు దిగాడు.
"అట్లయితే వాడు ఏకాంబరం కాదులే."